మల్లన పద్యంలో మొదటి మాట

ఈ వ్యాసానికి మూలం ఒక తప్పు. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే కనుక, దాన్ని దాచుకోకుండా ముందే చెప్పడం మంచిది.

కొంతకాలం క్రితం బ్రాడీపేటలో ఒక మేడమీది గదిలో జరిగిన సాహిత్య సమావేశంలో ప్రజాకవిత్వం మీద నేనొక ప్రసంగం చేశాను. ప్రజల ఐక్యతను గురించి చెబుతూ ఒక పోలిక తెచ్చాను. పావులూరి మల్లన చదరంగం పద్యంలో చెప్పిన మహాసంఖ్య ఒక ప్రధాన సంఖ్య అనీ, దాన్ని విడగొట్టగల సంఖ్య లోకంలో లేదనీ, శ్రామికుల సంఘటిత శక్తి కూడా అటువంటిదేననీ అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో రచయితలున్నారు, తెలుగు ఎం.ఏ. విద్యార్థులున్నారు, నాలాంటి పంతుళ్ళూ ఉన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

సభ ముగిసి మెట్లు దిగుతుండగా, తండ్రితోపాటు సభకు వచ్చిన పదో తరగతి అమ్మాయి ఒకతె నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "మాస్టారండీ, మీరు చదివిన ఆ సంఖ్య చివర అయిదు ఉంది కదండీ?"

"ఉంటే ఏమ్మా?" అన్నాను.

"మరి అయిదుతో పోదాండీ?"

పోతుంది. చివర 5 ఉన్న ఏ సంఖ్య అయినా 5తో నిశ్శేషంగా పోతుంది. ఇది అయిదో తరగతి పాఠం. ఇంటికి వెళ్ళి కాగితం తీసుకుని ఆ సంఖ్యలోని అంకెలన్నీ కూడాను. 87 వచ్చింది. 87 మూడుతో పోతుంది కనుక ఆ సంఖ్య కూడా మూడుతో పోతుంది. అంటే నేను వందమంది ముందు "అవిభాజ్యం" అని చాటిన సంఖ్య 3తోనూ 5తోనూ కూడా విడిపోతుంది. ఏదో పుస్తకంలో "ప్రధానమైన సంఖ్య" అని చదివి, ఆ మాటను గణిత పరిభాషగా పొరబడి ఉంటాను. పొరపాటు ఎక్కడిదైనా, పరీక్షించకుండా వాడిన బాధ్యత నాదే.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది లెక్క తప్పడం కాదు. పద్యం తప్పుగా చదవడం. ఆ పద్యాన్ని పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. పద్యంలో మొట్టమొదటి మాటే "శర". అంటే బాణం, అంటే 5. మహాసంఖ్య చివరి అంకెను కవి పద్యం గడపలోనే చెప్పాడు. కవి మొదటి మాటలో చెప్పిన సంగతి విమర్శకుడికి తెలియలేదు, పదో తరగతి పిల్లకు తెలిసింది. అందుకని, ఆ సంఖ్యను గురించీ, దాని పొరుగున ఉన్న నిజమైన ప్రధాన సంఖ్యలను గురించీ నేను తరువాత నేర్చుకున్నదాన్ని రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ అర్థమయ్యే పద్ధతిలో ఇక్కడ వివరిస్తున్నాను.

2

ముందు పద్యం సంగతి. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆయన కమ్మనాటిలోని పావులూరివాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ పావులూరు మన ఇంకొల్లు దగ్గరిదే. ఆయనది 11వ శతాబ్దమా, 12వ శతాబ్దమా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఏదైనా, తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు ఆద్యులలో ఆయన ఒకడనేది నిర్వివాదం.

చదరంగం కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? మల్లన పేర ప్రసిద్ధమైన పద్యం దీనికి జవాబు. జవాబు 18446744073709551615. ఇరవై అంకెలు. గ్రాముకు నలభై బియ్యపు గింజలు తూగుతాయనుకుంటే ఇది సుమారు 46 వేల కోట్ల టన్నుల బియ్యం. ఏ రాజు గాదెల్లోనూ లేనంత ధాన్యం.

ఈ ఇరవై అంకెలను కవి చంపకమాలలో ఇమిడ్చాడు. పద్ధతి భూతసంఖ్యలది. చంద్రుడు ఒకడే కనుక చంద్రుడంటే 1, అగ్నులు మూడు కనుక అగ్ని అంటే 3, ఆకాశం శూన్యం కనుక గగనం అంటే 0. అంకెలను కుడినుంచి ఎడమకు, అంటే ఒకట్ల స్థానం నుంచి పైకి చదవాలి. సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఈ సంఖ్యలో 4 నాలుగు సార్లు వస్తుంది. కవి ఆ నాలుగింటికీ నాలుగు వేరువేరు మాటలు వాడాడు: అబ్ధి, వేదం, పయోనిధి, బ్రహ్మ ముఖాలు. 7 మూడు సార్లు వస్తుంది. మూడుసార్లూ కొండే, కాని మాట మాత్రం మారుతుంది. ఈ మార్పు అలంకారం కోసం కాదు. ఒక్కో స్థానంలో గణం ఒక్కో రకం గురులఘువులను అడుగుతుంది. ప్రాస "ర"కారాన్ని అడుగుతుంది. అంకె మారడానికి వీలులేదు, ఛందస్సు తప్పడానికీ వీలులేదు. ఈ రెండు నిర్బంధాల మధ్య పర్యాయపదాలే కవికి సాధనాలు.

మరొక సంగతి. ఈ రెట్టింపు లెక్క మనవాళ్ళకు కొత్త కాదు. ఒక్క అక్షరానికి గురువు, లఘువు అని రెండు రూపాలు. రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. మన ఎనిమిది గణాలు అవే. అక్షరం పెరిగినకొద్దీ ప్రస్తారం రెట్టింపవుతుంది. పాదానికి 21 అక్షరాలున్న ఛందస్సులో 20,97,152 వృత్తాలు సాధ్యం. అందులో 711600వది చంపకమాల. అంటే గళ్ళ రెట్టింపును చెప్పే పద్యమే అక్షరాల రెట్టింపు పట్టికలో ఒక గడిలో కూర్చుని ఉంది. ఛందస్సు చదువుకున్న మనం లెక్కలంటే బెదిరిపోవడానికి కారణం కనిపించదు.

3

ఇక ప్రధాన సంఖ్య అంటే ఏమిటి? మా బ్రాడీపేటలో ఇల్లు వెతకాలంటే రెండు అంకెలు కావాలి. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు. పన్నెండు ఇళ్ళున్నాయనుకోండి. వాటిని మూడు లైన్లు, నాలుగు అడ్డరోడ్లుగా వేయవచ్చు. రెండు లైన్లు, ఆరు అడ్డరోడ్లుగానూ వేయవచ్చు. పదమూడు ఇళ్ళుంటే ఏమి చేసినా లైన్లు సమంగా రావు. అన్నీ ఒకే వరుసలో నిలబడవలసిందే. పన్నెండు సంయుక్త సంఖ్య, పదమూడు ప్రధాన సంఖ్య. ఒకటీ తానూ తప్ప వేరే సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడనిది, ఒకటికంటే పెద్దది ప్రధాన సంఖ్య.

ప్రతి సంయుక్త సంఖ్యా ప్రధాన సంఖ్యల లబ్ధమే. 12 అంటే 2, 2, 3 గుణిస్తే వచ్చేది. ఈ విడదీత ఒకే ఒక్క విధంగా సాధ్యం. ప్రధాన సంఖ్యలకు అంతులేదని యూక్లిడ్ రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే నిరూపించాడు. మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలపండి. వచ్చినదాన్ని మీ జాబితాలోని ఏ సంఖ్యతో భాగించినా 1 మిగులుతుంది. కనుక దాన్ని భాగించే ప్రధాన సంఖ్య మీ జాబితాలో లేనిదై ఉండాలి. జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. ఈ నిరూపణలో ఎక్కడా అధికారం లేదు, నమ్మకం లేదు; ఎవరైనా తమంతట తాము సరిచూసుకోవచ్చు.

4

మల్లన సంఖ్య ఎందుకు విడిపోతుందో ఇప్పుడు చూద్దాం. దీనికి పెద్ద భాగహారం అవసరం లేదు. చదరంగపు పలకను చూస్తే చాలు.

పలకలో ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది గళ్ళు. మొదటి వరుస మొత్తం 1, 2, 4, 8 మొదలుకొని 128 దాకా కూడితే 255. రెండో వరుసలో ప్రతి గడీ తన పై గడికి 256 రెట్లు. కనుక రెండో వరుస మొత్తం 255ను 256తో గుణించినది, 65280. మూడో వరుస దానికి మళ్ళీ 256 రెట్లు. ఎన్ని వరుసలు తీసుకున్నా అన్నిటిలోనూ 255 ఉమ్మడిగా ఉంది. కనుక పలక మొత్తం 255తో పోతుంది. 255 అంటే 3, 5, 17ల లబ్ధం. అమ్మాయి పట్టుకున్న అయిదు ఇక్కడిదే.

ఇంకొంచెం ముందుకు వెళ్ళవచ్చు. 64 గళ్ళను ఒకే పొడవాటి వరుసగా పరిచి పంచెను మడిచినట్టు సగానికి మడవండి. రెండో సగంలోని ప్రతి గడీ మొదటి సగంలోని తన జతకు 4294967296 రెట్లు. కనుక మొత్తం సంఖ్య 32 గళ్ళ మొత్తాన్ని 4294967297తో గుణించినది. 32ను మళ్ళీ మడిస్తే 65537 వస్తుంది. ఆ తరువాత 257, 17, 5, 3. ఆరు మడతలకు ఆరు కారణాంకాలు. వీటిలో మొదటి అయిదు చిన్నవి, అన్నీ ప్రధాన సంఖ్యలే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే కావాలని భావించాడు. 1732లో ఆయిలర్ ఆరోది, 4294967297, ప్రధాన సంఖ్య కాదని చూపాడు. అది 641నూ 6700417నూ గుణిస్తే వచ్చేది.

కాబట్టి మన పావులూరి సంఖ్య పూర్తి విడదీత ఇది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. నేను "అవిభాజ్యం" అన్నది ఏడు ముక్కలు. ఫెర్మా అంతటివాడే పొరబడ్డాడని నా తప్పును సమర్థించుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. కాని ఆయన చేసింది ఊహ. దాన్ని ఊహగానే పెట్టాడు. నేను చెప్పింది సభలో తీర్పు.

5

పలక మడతల నుంచి ఒక సాధారణ సూత్రం తేలుతుంది. గళ్ళ సంఖ్యను సమభాగాలుగా విడదీయగలిగితే గింజల మొత్తం కూడా విడిపోతుంది. ఆరు గళ్ళ మొత్తం 63; ఆరును మూడు, మూడుగా విడదీస్తే 63 కూడా 7తో పోతుంది. పద్యపాదాన్ని సమగణాలుగా విరిచినట్టే. అందువల్ల గింజల మొత్తం ప్రధాన సంఖ్య కావాలంటే గళ్ళ సంఖ్య ప్రధాన సంఖ్య అయి తీరాలి. 64 గళ్ళు కనుక మల్లన సంఖ్యకు మొదటినుంచీ ఆ అవకాశం లేదు.

మరి గళ్ళ సంఖ్య ప్రధానమైతే చాలునా? చాలదు. 11 గళ్ళ మొత్తం 2047. అది 23ను 89తో గుణిస్తే వస్తుంది. 23 గళ్ళ మొత్తం 83,88,607 కూడా 47తో పోతుంది. 64లోపు ప్రధాన సంఖ్యలు 18 ఉన్నాయి. వాటిలో సరిగ్గా సగం, తొమ్మిది మాత్రమే ఈ పరీక్షలో నెగ్గుతాయి: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. అంటే రెండు గళ్ళ మొత్తం 3, మూడు గళ్ళ మొత్తం 7, అయిదు గళ్ళ మొత్తం 31, అలా వెళ్ళి చివరికి 61 గళ్ళ మొత్తం 2305843009213693951. మల్లన పలకలో ఉన్న అతిపెద్ద ప్రధాన మొత్తం ఇదే. ఇంకో మూడు గళ్ళు నింపకుండా ఆగివుంటే నా పోలిక నిలబడేది!

ఈ రకం ప్రధాన సంఖ్యలకు మెర్సెన్ ప్రధాన సంఖ్యలని పేరు. మెర్సెన్ ఫ్రాన్సులో మతాచార్యుడు. 1644లో ఆయన 257 వరకు ఏయే గళ్ళ మొత్తాలు ప్రధాన సంఖ్యలవుతాయో ఒక జాబితా ప్రకటించాడు. ఆ జాబితాలో 67, 257 ఉన్నాయి, అవి తప్పు. 61, 89, 107 లేవు, అదీ తప్పే. ఆ తప్పులన్నీ తేలడానికి దాదాపు మూడువందల ఏళ్ళు పట్టింది. 1772లో ఆయిలర్ 31 గళ్ళ మొత్తం, 2147483647, ప్రధాన సంఖ్యేనని నిరూపించాడు. 61 గళ్ళ మొత్తాన్ని నిరూపించినవాడు పెర్వూషిన్. ఏ పెద్ద విశ్వవిద్యాలయపు ఆచార్యుడూ కాదు. రష్యాలో ఉరల్ ప్రాంతపు పల్లెటూరి చర్చిలో పురోహితుడు. 1883లో కాగితం మీద చేత్తో చేసిన లెక్క అది. 67 సంగతి 1903లో అమెరికాలో కోల్ తేల్చాడు. ఒక గణిత సభలో ఆయన నల్లబల్ల మీద ఒక పక్క 67 గళ్ళ మొత్తం, రెండోపక్క 193707721ను 761838257287తో గుణించిన ఫలితం రాసి, రెండూ ఒకటేనని చూపి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్నాడని చెబుతారు. సభల్లో గంటలకొద్దీ మాట్లాడే మనకు ఆ ఉపన్యాసం జ్ఞాపకముండడం మంచిది.

పెర్వూషిన్ లెక్క ఎంత కష్టమో ఊహించండి. ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి దాని వర్గమూలం వరకు భాగించి చూడాలి. 61 గళ్ళ మొత్తానికి వర్గమూలం సుమారు 151 కోట్ల 85 లక్షలు. అన్నిటితో భాగించడం మనిషి ఆయుష్షులో అయ్యే పని కాదు. అదృష్టవశాత్తూ, 61 గళ్ళ మొత్తాన్ని భాగించే సంఖ్య ఏదైనా ఉంటే దాన్ని 122తో భాగించినప్పుడు 1 మిగలాలనే నియమం ఉంది. దానితో పరీక్షించవలసినవి కోటీ పాతిక లక్షలలోపుకు తగ్గుతాయి. అప్పటికీ భారమే.

అందుకే మరొక పద్ధతి పుట్టింది. ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకా 1870లలో ఆలోచించినదాన్ని 1930లో లేమర్ సరళం చేశాడు. 4తో మొదలుపెట్టండి. దాని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోండి. మళ్ళీ వర్గం చేసి 2 తీసేయండి. గళ్ళ సంఖ్యకు రెండు తక్కువసార్లు ఇలా చేశాక శేషం సున్న అయితే అది ప్రధాన సంఖ్య. కాకపోతే కాదు. రెండు మినహా ప్రధాన సంఖ్యలైన గళ్ళన్నిటికీ ఇది వర్తిస్తుంది. అయిదు గళ్ళ మొత్తం 31తో చూడండి. 4 నుంచి 14 వస్తుంది. 14 వర్గంలో 2 తీస్తే 194. 31తో భాగిస్తే 8 మిగులుతుంది. 8 వర్గంలో 2 తీస్తే 62. 31తో భాగిస్తే సున్న. మూడు మెట్లలో తేలిపోయింది. 2047తో ఇదే చేస్తే తొమ్మిదో మెట్టులో 1736 మిగులుతుంది. కనుక అది ప్రధాన సంఖ్య కాదు. ఇందులో వింత ఏమిటంటే, 2047ను ఏది భాగిస్తుందో ఈ పరీక్ష చెప్పదు; అది విడిపోతుందని మాత్రం నిస్సందేహంగా చెబుతుంది. 61కి కావలసింది 59 మెట్లు.

6

ఇదంతా ఎక్కడో యూరప్ సంగతి, మన మిరప చేలకూ పత్తి చేలకూ దీనికీ ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. పావులూరికి ఎంతో దూరం లేని బాపట్ల ప్రాంతపు యాజలిలో 1921లో మతుకుమల్లి వెంకట సుబ్బారావు పుట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, అక్కడా తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పి, 1963 నుంచి కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2006లో మరణించాడు. జీవితమంతా సంఖ్యాశాస్త్రమే ఆయన పని.

1974లో ఆయన ప్రచురించిన ఒక చిన్న ఫలితం మన విషయానికి బాగా దగ్గర. ఒక సంఖ్య తీసుకోండి. దాని కారణాంకాలన్నిటినీ కూడండి. ఆ మొత్తాన్ని అసలు సంఖ్యతో గుణించి 2 తీసేయండి. ఇంకోపక్క, అసలు సంఖ్యకంటే చిన్నవై, దానితో ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఈ లెక్కతో ముందు వచ్చినదాన్ని భాగించండి. 7కు కారణాంకాల మొత్తం 8. 56లో 2 తీస్తే 54. ఏడుకంటే చిన్నవి ఆరు. 54 ఆరుతో పోతుంది. ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే జరుగుతుంది. మరి సంయుక్త సంఖ్యలలో ఎన్నిటికి జరుగుతుంది? మూడింటికే: 4, 6, 22. అంతులేని సంయుక్త సంఖ్యల సమూహంలో ఈ వేషం వేయగలిగినవి మూడే మూడు అని సుబ్బారావు చూపాడు.

మెర్సెన్ సంఖ్యలకు ఇంకో ముఖం ఉంది. తన కారణాంకాలన్నిటి మొత్తానికి, తనను మినహాయించగా, తానే సమానమైన సంఖ్య పరిపూర్ణ సంఖ్య. 6 అంటే 1, 2, 3ల మొత్తం. 28 కూడా అంతే. గింజల మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా దాన్ని చివరి గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. మూడు గళ్ళ మొత్తం 7, చివరి గడిలో 4, గుణిస్తే 28. సుబ్బారావు, వారెన్ కలిసి 1966లో దీనికి మరొక రూపాన్ని పరిశీలించారు. కారణాంకం, దానితో భాగించగా వచ్చినది, ఈ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేని జతలను మాత్రమే లెక్కకు తీసుకున్నారు. ఆ లెక్కన 60 పరిపూర్ణమవుతుంది: 1, 3, 4, 5, 12, 15, 20 కూడితే 60. ఇటువంటివి ఇప్పటికి అయిదే తెలుసు. 6, 60, 90, 87360, ఆపైన చార్లెస్ వాల్ 1975లో ప్రచురించిన 24 అంకెల సంఖ్య ఒకటి. ఆరోది దొరకలేదు.

మల్లన తెలుగులో చెప్పిన రెట్టింపు లెక్కనూ, యాజలి సుబ్బారావు ఇంగ్లీషులో రాసిన ఫలితాలనూ ఒకే నేల కన్నది. మధ్య ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళు. మల్లన పేరు మన సాహిత్య చరిత్రలో ఉంది. సుబ్బారావు పేరు తెలుగు సాహిత్య విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఈ విస్మృతికి కారణం సంఖ్యలు కష్టమనడం కాదు. శాస్త్రాన్ని సాహిత్యం గడప బయట నిలబెట్టిన మన అలవాటు.

7

ఇప్పటివరకు తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య కూడా మల్లన పలక వంశంలోదే. 2024 అక్టోబరులో అమెరికాలో లూక్ డ్యురాంట్ అనే అతను ప్రపంచవ్యాప్త స్వచ్ఛంద గణన కూటమి తరఫున దాన్ని కనుగొన్నాడు. పలకలో 13 కోట్ల 62 లక్షల 79 వేల 841 గళ్ళుంటే వచ్చే మొత్తం అది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. మెర్సెన్ ప్రధాన సంఖ్యలలో ఇది 52వది. ఇవి అనంతమా కాదా అన్నది ఇంకా తేలని ప్రశ్న. అంతకుముందు, 2002లో మన కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్య అయినా ప్రధానమో కాదో మితమైన కాలంలో, సందేహానికి తావులేకుండా తేల్చే పద్ధతి కనుగొన్నారు.

పెద్ద ప్రధాన సంఖ్యలు వినోదం కోసమేనని ఒకప్పుడు అనుకునేవారు. 1977లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వీటితో రహస్య లిపిని నిర్మించారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక; గుణించగా వచ్చినదాన్ని తిరిగి విడదీయడం మహా కష్టం. ఆ కష్టమే తాళం. ఈనాడు మిరపకాయలు అమ్మిన రైతు ఖాతాలోకి ఫోను ద్వారా డబ్బు చేరుతున్నప్పుడు దాన్ని కాపాడే తాళాలు ఈ జాతి గణితంతోనే తయారవుతున్నాయి. ఆ డబ్బు అతని దగ్గర నిలుస్తుందా అన్నది వేరే లెక్క. అది కూడా రెట్టింపు లెక్కే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన వంద రూపాయలు, ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలిపితే, మూడేళ్ళకు 190 దాటుతాయి. అంటే మూడేళ్ళు దాటగానే అప్పు రెండో గడిలోకి జరిగిపోతుంది. కథలో రెట్టింపు లెక్క రాజును దివాలా తీయించింది. పల్లెలో అదే లెక్క రైతును దివాలా తీయిస్తోంది. ఈ సంగతి రాయదలచిన కథకుడికి ఆవేశం ఒక్కటే చాలదు. గడి గడికీ ఎంత పెరుగుతుందో కూడా తెలియాలి.

8

మన సాహిత్యంలో శాస్త్రాన్ని వాడే తప్పుడు పద్ధతులు రెండున్నాయి. మొదటిది నేను చేసింది. శాస్త్రపదాన్ని నగలా తగిలించుకోవడం. అణువు, విద్యుత్తు, అనంతం, ప్రధాన సంఖ్య: మాట గంభీరంగా ఉంటే చాలు, అర్థం సరిచూడకుండా కవితలోకి ఎక్కిస్తాం. పోలికకు ఆధారమైన వస్తువే అబద్ధమైతే పోలిక ఎవరిని ఒప్పిస్తుంది? ప్రజల ఐక్యత విడిపోదని చెప్పడానికి ఏడు ముక్కలయ్యే సంఖ్యను తెచ్చినవాడు, తెలియకుండానే శత్రువు వాదాన్ని చెప్పినట్టయింది.

రెండో పద్ధతి దీనికంటే ప్రమాదకరమైనది. అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసుననడం. మల్లన పద్యాన్ని చూపి, ఆధునిక గణితమంతా అందులోనే ఉందని సభల్లో చెప్పేవారిని నేను విన్నాను. ఆ పద్యంలో ప్రధాన సంఖ్యల చర్చ లేదు. ఉన్నది ఒక సరైన మొత్తం, ఒక్క అంకె కూడా తప్పని ఇరవై అంకెల మొత్తం. దానికి లేనిపోని మహిమ అంటగడితే దాని అసలు ఘనత మరుగున పడుతుంది. సంస్కృతం చదువుకున్న కొద్దిమంది చేతిలో ఉన్న గణితాన్ని తన ఊరి భాషలోకి తేవడం ఆ ఘనత. మూలంలోని జైన సందర్భాలను మార్చి తన కాలపు శైవ సందర్భాలు పెట్టాడని పరిశోధకులు చెబుతారు. అంటే తన పాఠకుడెవరో ఆయనకు తెలుసు.

మన పని ఆ పనికి కొనసాగింపు కావాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు "ప్రధాన సంఖ్య" తెలుసు, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లలకు "ప్రైమ్ నంబరు" తెలుసు. రెండు మాటల వెనుకా ఉన్న వస్తువును తేటగా చెప్పే తెలుగు వచనం ఇద్దరికీ దొరకడం లేదు. ఆ వచనాన్ని గణిత శాస్త్రజ్ఞులే రాయాలని ఎదురుచూడనవసరం లేదు. భాష మన పనిముట్టు కనుక బాధ్యతలో సగం మనది. కాని ఒక షరతు. రాసిన ప్రతి అంకెనూ రాసినవాడు స్వయంగా కూడి, గుణించి, భాగించి చూడాలి. సరిచూడగల పాఠకుడు ఎక్కడో ఉంటాడని, బహుశా మెట్ల దగ్గరే నిలబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మరుసటి నెల సమావేశంలో నేను లేచి నా పోలిక తప్పని చెప్పాను. మల్లన సంఖ్యను నల్లబల్ల మీద రాసి, ఏడు కారణాంకాలనూ ఒకదాని కింద ఒకటి రాశాను. ఈసారి చప్పట్లు మోగలేదు. ఇద్దరు ముగ్గురు యువ రచయితలు మాత్రం పెన్నులు తీసి గుణించడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి కూడా వచ్చింది. చివర్లో అడిగింది: "మాస్టారండీ, 61 గళ్ళ మొత్తం విడిపోదన్నారు కదండీ. అది మీరు చేసి చూశారాండీ?"

చేయలేదన్నాను. 59 మెట్లు. ఒక నోటు పుస్తకం కొన్నాను. ఇప్పటికి పదకొండో మెట్టులో ఉన్నాను.